కమాను మీద పేరు

"కమాను మీద దివాకర్ పేరా? నా భూమిల నిలవెట్టే కమాను మీద?" బాలనర్సయ్య టేబుల్ మీద గుద్దాడు. చాయ్ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

రేకుల షెడ్డులో ఉన్నది నలుగురే. సాగర్ ఎలెవన్ క్రికెట్ క్లబ్బు అధ్యక్షుడు భీమేష్. పాత కెప్టెన్ దివాకర్. క్లబ్బు చరిత్ర రాసేటాయన అని భీమేష్ తెచ్చి కూర్చోబెట్టిన కామారెడ్డి మనిషి సంతోష్. గ్రౌండున్న భూమికి పట్టాదారు బాలనర్సయ్య.

క్లబ్బుకు ముప్పై ఏళ్లు నిండాయి. ఎల్లారెడ్డి ఊరి చివర ఆ గ్రౌండుకు కమాను కడతారట. దాని మీద స్థాపకుడి పేరు చెక్కాలి. ఎవరి పేరన్నదే పంచాయితీ.

బాలనర్సయ్యకు ఆ క్లబ్బంటేనే ఒళ్లు మంట. నిజాంసాగర్ కాలువ తప్ప వేరే నీళ్లు ఎరగని మొఖాలు సాగర్ అని పేరు పెట్టుకున్నాయి. ఇన్నేళ్లలో గెలిచింది ఒక్క కప్పు. అదీ దోమకొండ జట్టు జీపు దారిలో ఆగిపోతే. జుక్కల్ పోయి, అంపైర్ మరాఠీలో తిట్టాడని వికెట్లు పీక్కొని పరుగెత్తుకొచ్చిన శూరులు. వీళ్లకో చరిత్ర, దానికో కమాను!

అయినా పేరు తనదే ఉండాలి. వానలు తగ్గగానే అక్కడ ప్లాట్లు పెట్టాలని కామారెడ్డి వ్యాపారులతో మాట కలుపుకున్నాడు. ఈ పనికిమాలిన వాళ్లు కట్టే కమానే తన వెంచరుకు దర్వాజా అవుతుంది. పైన తన పేరు, లోపల తన ప్లాట్లు. బ్యాట్లు పట్టుకొని వీళ్లు ఏ గంగలో దూకుతారో వాళ్ల ఖర్మ.

సంతోష్ ఫోన్‌ను టేబుల్ మీద నిలబెట్టి వీడియో మొదలుపెట్టాడు. "ఒక్కొక్కరు చెప్పుండ్రి. దివాకరన్నా, నువ్వు స్థాపకునివి ఎట్లయితవ్?"

దివాకర్ బాలనర్సయ్యకు బామ్మర్ది. చనిపోయిన భార్య రమకు సొంత తమ్ముడు.

"జాగ బావదే, కాదంటలేను," అన్నాడు దివాకర్. "కని ఆడుకునేటందుకు ఇజాజత్ తెచ్చింది నేను. రమక్కను బతిమాలి బావతోని సరే అనిపిచ్చిన. ఇజాజత్ తెచ్చినోడే స్థాపకుడు. బావ జేసిందేముంది? ఆడుకోండ్రి అన్నడు. గంతే."

అక్షరాలా నిజం. ఆ రోజు రమ అన్నం వడ్డిస్తూ అడిగింది. "బీడే గదా, పోరగాండ్లను ఆడుకోనియ్యరాదు?" అన్నది. "ఆడుకొని సావుమను" అన్నాడు బాలనర్సయ్య. ఆమె దానినే అనుమతి అనుకొని తమ్ముడికి కబురు చెప్పింది.

కానీ ఒప్పుకుంటే కమాను దివాకర్‌కు పోతుంది. పోయిన మనిషి లేచొచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

"శుద్ధ అబద్ధం," అన్నాడు బాలనర్సయ్య. "నన్ను ఎవ్వడడిగిండు? నీ పేరు కోసం సచ్చిపోయినామెను నడుమలకు తెస్తవా? సిగ్గు లేదురా?"

"అక్క అడిగింది బావా. జర యాది చేస్కో." దివాకర్ గొంతు మెత్తబడింది. "అడగలేదంటవా? అక్క మీద ఒట్టెయ్యి మరి."

"మీ అక్క మీద ఒట్టు. ఆమె అడగలే, నేను ఇయ్యలే. సాలునా?"

సంతోష్ అడిగాడు. "మరి క్లబ్బు గీడికి ఎట్లొచ్చింది బాపు?"

"దొంగ గొడ్లు చేన్ల వడ్డట్టు వచ్చిండ్రు. బీడు సాపు చేసుకున్నరు. క్రికెట్ పిచ్చు ఏసుకున్నరు. సుట్టూ కంచె వెట్టుకున్నరు. గీ షెడ్డు గూడ ఆళ్లే ఏసుకున్నరు. అయ్య జాగీరు లెక్క తిరిగిండ్రు. అడిగే మర్యాద ఈళ్లకేడిది?"

"మీరు ఎన్నడన్న ఆపిండ్రా?"

"గల్లీ కుక్కలతోని నాకేం లొల్లి? ఒక్కనాడు గా దిక్కు తొంగి సూడలే."

"వీళ్లు ఈడ ఆడుతున్న సంగతి నలుగురికి ఎరుకేనా?"

"నలుగురేంది? తాడ్వాయి దాక ఎరుకే! నా భూమిల పుట్టింది, నా భూమిల పెరిగింది. నడుమల వీడెవడు ఇజాజత్ తెచ్చేటోడు?"

భీమేష్ దివాకర్ వైపు చూశాడు. దివాకర్ తల వంచుకున్నాడు. "నేను తప్పుకుంటున్న. బావ పేరే రాయిండ్రి."

బాలనర్సయ్యకు నవ్వొచ్చింది. కెప్టెనంట, కెప్టెన్! గట్టిగా నాలుగు మాటలంటే చాలు, వికెట్ పడిపోయింది. ఓడిపోవడం వీళ్ల రక్తంలోనే ఉంది.

"పెద్ద పెద్ద అక్షరాలతోని రాయిస్తం బాపు," అన్నాడు భీమేష్.

"బంగారు రంగెయ్యిండ్రి. దూరం కెల్లి కనవడాలె." కండువా దులిపి భుజాన వేసుకున్నాడు బాలనర్సయ్య.

సంతోష్ వీడియో ఆపి, ఫోన్ జేబులో పెట్టుకొని లేచాడు. "మంచిది బాపు. ఇజాజత్ లేకుంట, ఊరందరి కండ్ల ముంగట, మీరు అడ్డం చెప్పకుంట ముప్పై ఏండ్లు క్లబ్బు కబ్జాల ఉన్నది. గట్ల పన్నెండేండ్లు దాటితేనే కానూను ప్రకారం జాగ కబ్జాల ఉన్నోళ్లదైతది. జాగ క్లబ్బుదే అని దావా ఏసేటందుకు గీ మాటనే కావాలె."

"దావానా?" బాలనర్సయ్య సంతోష్‌కు అడ్డం వచ్చాడు. "చరిత్ర రాసేటోనికి దావాతోని ఏం పనిరా?"

"గాయిన మా వకీలు బావా," అన్నాడు దివాకర్. "అక్క అడిగింది, నేనిచ్చిన అని ఒక్క మాట అంటే, జాగ నీకే మిగులుతుండె."