ప్రాగ్‌లో దొరికిన ఆత్మ

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ కిటికీ దగ్గర గుసగుసలు ఇక చాలు. చేపముక్క నములుతూ కూడా వినొచ్చు, నోరు మూసుకుని నమిలితే. మన మిల్ హాలో ఊరి బాప్టిస్టు ఆడవాళ్ళు అమెరికా దాటి ప్రాగ్ వెళ్ళి ఒక ఆత్మని పట్టుకొచ్చిన సంగతి చెబుతాను. ఇందులో అబద్ధం ఉంటే ఈ కుర్చీ కిందే నేల చీలిపోవాలి. ఉండండి, కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటా.

మన ఆడవాళ్ళ మిషన్ సంఘానికి పెద్ద వెర్లీన్. తనతో కలిపి ఏడుగురు. ఏటా సువార్తకని విమానం ఎక్కుతారు. ప్రభువు వాళ్ళని ఎప్పుడూ మంచి బజార్లున్న ఊళ్ళకే పిలుస్తాడు. కిందటేడు రోము, ఈ ఏడు ప్రాగ్. వచ్చే ఏటికి పారిస్ అని వెర్లీన్‌కి అప్పుడే కబురు పెట్టేశాడట.

కొత్తగా వచ్చిన పాస్టరు బ్రదర్ ట్రెంట్ వయసులో చిన్నోడే గానీ గట్టివాడు. వాళ్ళు ప్రాగ్ వెళ్ళేముందు ఒకటే మాట చెప్పాడు.

"అక్కా, ఈసారి ఒక్క ఆత్మనైనా రక్షించి రండి. లేదంటే పారిస్ లేదు. వచ్చే ఏడు జిల్లా జైలు వంటింట్లో గిన్నెలు తోముదురుగాని. అదీ సేవే."

వెర్లీన్ గిన్నె తోమి ఎరగదు. ఆమె మొగుడు పెళ్ళయినప్పట్నుంచీ కాగితం పళ్ళెంలోనే తింటున్నాడు.

సరే, ప్రాగ్‌లో దిగారు. పొద్దున్నే ప్రార్థన నడక మొదలుపెట్టారు. మీకు తెలిసిందేగా, కళ్ళు తెరుచుకుని నడుస్తూ ఎదురొచ్చిన ప్రతి గుమ్మం కోసం ప్రార్థన చెయ్యాలి. గాజుసామాన్ల కొట్టు కోసం ప్రార్థించారు. గుండెల్లో భారం ఆపుకోలేక లోపలికి వెళ్ళారు. ఎర్రరాళ్ళ నగల కొట్టు కోసమైతే ఉపవాసమే ఉన్నారు, బేరాల్లో పడి మధ్యాహ్నం భోజనం మర్చిపోయి. కాళ్ళు లాగుతున్నాయని కోట మీంచే ఊరంతటికీ కలిపి ఒకే ప్రార్థన చేసేశారు. ఆ ఏడుగురిలో ఓపల్ కొన్న పింగాణీ బాతు ఎంతదంటే, దానికి విమానంలో కిటికీ పక్క సీటు అడిగారు.

వారం గడిచింది. పెట్టెలు నిండాయి. ఆత్మ మాత్రం ఒక్కటీ దొరకలేదు. సాయంత్రానికి విమానం. వెర్లీన్ కళ్ళముందు జైలు గిన్నెలు జిడ్డోడుతూ తిరుగుతున్నాయి.

"ఎవరో ఒకరులే. కాస్త ఖాళీగా కూర్చున్నవాళ్ళని చూడండే," అంది.

ఏటి ఒడ్డున బెంచీ మీద ఒకావిడ కనబడింది. తలకి గుడ్డ, పొడుగు లంగా, ముఖాన ఏదో దిగులు. పక్కన బక్కపల్చటి స్నేహితురాలు. పల్లెటూరి మనిషి, పాపం దేవుడి పేరైనా విని ఉండదని ఓపల్ జాలిపడింది.

మనవాళ్ళు పలకరించేలోపే ఆవిడే ఎదురొచ్చి వెర్లీన్ చేతులు రెండూ పట్టేసుకుంది. ఆ ఆత్మ ఎంత ఆకలిమీదుందో అని అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

భాష కలవలేదు. వెర్లీన్ తన చేతికున్న పూసల పట్టీ విప్పింది. మన పిల్లలకి కూడా తెలుసు: నల్లపూస పాపం, ఎర్రది రక్తం, తెల్లది కడిగిన మనసు. ఆవిడ పట్టీ లాక్కుని, నల్లపూస పట్టుకుని, వెర్లీన్ గుండె వైపు చూపించి తల అడ్డంగా ఊపింది.

"నీలాగే నేనూ పాపినే అంటోంది," ఓపల్ అర్థం చెప్పింది.

ఆవిడ నేల వైపు వేలు చూపించింది. ప్రార్థనకి తొందరపడుతోందని మనవాళ్ళు ఏడుగురూ ఆ రాళ్ళమీదే మోకరించారు, కొత్త బూట్లు కరుస్తున్నా లెక్కచెయ్యకుండా. ఆవిడకి మోకరించడం కూడా రాదు పాపం, నిలబడే ఉంది. ఒక్కొక్కరి తలమీదా చెయ్యిపెట్టి "ఈసూస్, ఈసూస్" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ యేసు పేరు ఆవిడ నోట మొదటిసారి పలికించింది తానేనని వెర్లీన్ పొంగిపోయింది. బక్కావిడ ఫోటో తీసింది. మనవాళ్ళూ తీయించుకున్నారు. వెళ్ళేముందు ఆవిడే బతిమాలి వెర్లీన్ ఫోన్ నంబరు తీసుకుంది.

ఇంటికొచ్చాక చర్చిలో సాక్ష్యం రోజు పెట్టారు. ఫోటో తెరమీద వేశారు. హాలంతా ముక్కులు చీదింది. అంతటితో ఊరుకోవచ్చుగా, బ్రదర్ ట్రెంట్ ఆ సహోదరిని వీడియోలో పలకరిద్దామన్నాడు. వెర్లీన్ ముఖం తెల్లబోయింది. ఆవిడ ఈపాటికి అన్నీ మర్చిపోయి ఉంటే పారిస్ గల్లంతే.

తెర వెలిగింది. అదే తలగుడ్డ. పక్కన ఇంగ్లీషొచ్చిన పిల్ల. వెనకాల బెంచీల నిండా జనం, చప్పట్లు కొడుతూ.

ఒక్క మనిషి ఊరు ఊరంతటినీ మార్చేసిందని మన హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. బ్రదర్ ట్రెంట్ కళ్ళు తుడుచుకున్నాడు. "పారిస్ ఖాయం అక్కా," అన్నాడు.

తలగుడ్డావిడ ఏదో అడిగింది. పక్కనున్న పిల్ల ఇంగ్లీషులో చెప్పింది.

"మా రొమేనియా చర్చంతా అడుగుతోందండీ. మా ఆడవాళ్ళు ప్రాగ్‌కి సువార్తకెళ్ళినప్పుడు, దేవుణ్ణి ఎరగని అమెరికా ఆడవాళ్ళు ఏడుగుర్ని రక్షించారు కదా, వాళ్ళు మానకుండా మీ చర్చికి వస్తున్నారా?"

మన హాల్లో లేచి నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. చివరి వరసలో బేస్‌బాల్ తప్ప వేరే లోకం ఎరగని ముసలి హోయ్ట్ ఒక్కడే గొంతు సవరించుకున్నాడు.

"అయితే వాళ్ళకి ఏడు, మనకి సున్నా. మనకింకా బ్యాటింగ్ ఉందా, ఇంటికెళ్ళిపోవచ్చా?"