ఏడో నంబరు మొక్క

పటం మీదున్న రెండు పేర్లలో ఒకదాన్ని ఆమె ఎర్ర కలంతో కొట్టేసింది. అది మొగుడి పేరు.

"ఈ పని మొదలెట్టింది సారే కదా మేడమ్?" అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్.

"మొదలెట్టి మధ్యలో వదిలేసి పోయినవాడికి పేరెందుకు? నన్నూ అలాగే వదిలేశాడు."

ఎడారిలో అరుదైన ఓ పసుపు పువ్వు ఎక్కడెక్కడ బతుకుతోందో, ఏ మొక్క దేనికి పుట్టిందో ఆకుల డీఎన్ఏతో తేల్చే పటం అది. పదకొండేళ్ళ కిందట కొండ మీది ఏడో నంబరు మొక్క ఒక్కసారే కాసి ఎండిపోయింది. దాని ఆకు ఒకటి బీరువాలో మిగిలింది. కాయలన్నీ తనే కోసి, చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికి బయలుదేరుతున్నానని ఆయన ఫోన్ చేశాడు. రాలేదు.

విత్తనాలు భద్రంగా అప్పగించేదాకా ఆయన ప్రాణం పోయినా జేబు బొత్తాం తీయడని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. రోడ్డు పొడవునా వెతికారు. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఆ వారమే చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసింది. ఊరికి అంతే చాలు. కట్టుకున్న ఆమెకీ అంతే చాలింది.

అత్తగారిది మాత్రం పోయేదాకా ఒకటే మాట. "నా కొడుకు అలాంటివాడు కాదమ్మా."

"మీకు తెలీదు లెండి," అని ఆమె మొహం మీదే తలుపేసేది.

టెక్నీషియన్ ఫలితాలు చదువుతున్నాడు. సర్వేయరు ఎడారిలో ఆకులు కోసి పంపే పొట్లాల మీద నంబర్లే ఉంటాయి. ఏ ఆకు ఎక్కడిదో ఆఖర్న గానీ తెరిచి చూడరు. అదీ ఆయన పెట్టిన పద్ధతే.

"మేడమ్, సర్వేయరు కొత్తగా పంపిన పొట్లంలో పద్నాలుగు ఆకులున్నాయి. పద్నాలుగూ ఏడో నంబరు పిల్లలే."

ఆమె కలం ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నవ్వింది.

"అయితే బొత్తాం విప్పాడన్నమాట. కొత్త కాపురానికి పెరటితోట కూడా వేసుకున్నాడు. తియ్యి, మహానుభావుడి అడ్రసు చూద్దాం. విడాకుల కాగితం పంపడానికైనా పనికొస్తుంది."

అతను మీట నొక్కాడు.

తెర మీది పటంలో చుక్క ఏ ఊళ్ళోనూ పడలేదు. కొండకీ ఆమె ఇంటికీ మధ్య, కాలినడకన వచ్చే అడ్డదారిలో, ఉత్త ఇసుకలో పడింది. పక్కన సర్వేయరు రాసిన ముక్క ఒకటుంది: "మొక్కలన్నీ ఒకేచోట, ఓ మనిషి పడుకునేంత మేర."