చెల్లని నీళ్ళు

సంఘం పెద్ద కాస్పర్ బాతు తొడ చీకుతూ తీర్పు చెబుతున్నాడు.

వంటింటి ఆడవాళ్ళకి ఆ పూట బార్లీ జావ. పెద్దల బల్ల మీదికి మాత్రం కాల్చిన బాతు. అన్నీ అందరివీ అని చెప్పుకునే సంఘంలో బాతు ఒక్కటీ పెద్దలది. దాన్ని వండి మోసుకొచ్చింది అఫ్రా. బల్ల మీద పెట్టి, వంటింట్లోకి పోకుండా గోడవార నిలబడిపోయింది. తీర్పు చచ్చిపోయిన ఆమె కూతురి గురించి.

ఈ సంఘం మనిషన్న నేరానికి కూతురు క్రిస్టీనని రాజు భటులు తిరోల్ కొండల్లో పట్టుకుని, ఏట్లో ముంచి చంపారు. పట్టుబడేనాటికి ఆ పిల్లకింకా బాప్తిస్మం కాలేదు. చంటిపిల్లల నెత్తిన పాదిరీ చల్లే నీళ్ళు వీళ్ళ లెక్కలోకి రావు. పెరిగి, నమ్మి, నోరు తెరిచి అడిగి పొందాలి. క్రిస్టీన చెరసాలలోనే అడిగింది. పక్కన సంకెళ్ళలో ఉన్న ఉర్సుల, తాగడానికిచ్చిన ముంతెడు నీళ్ళూ దాని నెత్తిన పోసింది. తెల్లారి దాన్ని ఏటికి తీసుకుపోయారు.

ఉర్సుల ఎలాగో తప్పించుకుని మొరావియాలో ఈ సంఘానికి చేరింది. చేరి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అదే దాని తప్పయింది.

"ఆడది బాప్తిస్మం ఇవ్వడమేంటి, చోద్యం కాకపోతే!" కాస్పర్ వేళ్ళు నాక్కున్నాడు. "ఆడదాని చేత్తో పోస్తే అది బాప్తిస్మం కాదు, కుడితి."

పెద్దలు పగలబడి నవ్వారు.

"ఏం చెయ్యమంటావన్నా? అక్కడ మగాళ్ళెవరూ లేరు. తెల్లారితే చావు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు" అంది బల్ల ఎదుట నిలబడ్డ ఉర్సుల.

"దాన్ని దేవుడు చూసుకునేవాడు. మధ్యలో నీ పెత్తనమేంటి?" కాస్పర్ ఎముక పళ్ళెంలో పడేశాడు. "నీకు వెలి. ఈ సంఘంలో ఎవరూ నీతో ఒక బల్ల దగ్గర తినరు, నిన్ను పలకరించరు. ఇక ఆ క్రిస్టీన. ప్రాణాలిచ్చిన సాక్షుల్ని ఆదివారం ఆదివారం పేరు పేరునా తలుచుకుంటాం కదా, వాళ్ళలో ఇక దాని పేరు పలకం. బాప్తిస్మమే లేనిది సాక్షి ఎలా అవుతుంది?"

అఫ్రాకి మిగిలింది ఆ పేరొక్కటే. పాతిపెట్టడానికి శవం కూడా దొరకలేదు.

ఛీ, ఏం మనుషులు! కొండల్లో భటులు తరుముతుంటే ఈ పెద్దమనుషుల్ని గడ్డి కింద దాచిందెవరు? కబుర్లు మోసిందెవరు? బోధకుడు దొరికిపోయాడని తెలిస్తే చాలు మంద చెదిరిపోయే రోజుల్లో, దాన్ని చెదరకుండా కాచిందెవరు? ఆడవాళ్ళే. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

"బాప్తిస్మమంటే ఎలా ఉండాలో నన్నడగండి!" కాస్పర్ మొదలెట్టాడు. "ఇదిగో, నాకిచ్చింది మన అఫ్రక్క మొగుడు, బోధకుడు లీన్‌హార్ట్ అన్న. అంతకుముందు ఆయన్ని చూసిందీ లేదు, మళ్ళీ చూసే భాగ్యమూ కలగలేదు. పాడుబడ్డ పిండిమరలో, మంచు కురుస్తుంటే, ముసుగు కళ్ళదాకా లాక్కుని వచ్చాడు. పడిశంతో గొంతు పూడుకుపోయింది పాపం. గుసగుసగా నాలుగంటే నాలుగు మాటలు. కానీ ఆ చెయ్యి నెత్తిన పడిందీ... ఆహా! ఒళ్ళు జలదరించింది. మగాడి చెయ్యంటే అదీ!"

ఈ కథ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ కంఠతా వచ్చు. వాళ్ళందరికీ బాప్తిస్మం ఇచ్చింది కాస్పరే. ఇచ్చినప్పుడల్లా చెప్పేవాడు. లీన్‌హార్ట్‌ని ఎక్కడో ఇన్స్‌బ్రూక్‌లో నిలువునా కాల్చేశారన్న కబురు ఆ చలికాలం వెళ్ళాక సంఘానికి చెప్పింది అఫ్రా. అప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది కాస్పర్.

"ఏం అక్కా, నేను చెప్పింది నిజమా కాదా?" అన్నాడు కాస్పర్ ఆమె వైపు తిరిగి.

సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. కానీ అడిగింది అతనే.

"నాకో సందేహం తీర్చు" అంది అఫ్రా. "ఆడది పోస్తే, ఎంత ప్రాణం మీదికొచ్చినా సరే, చెల్లదంటావు?"

"చెల్లదు."

"పుచ్చుకున్నవాళ్ళు మనసారా నమ్మి పుచ్చుకున్నా?"

"నమ్మితే కుడితి తీర్థమవుతుందా? చెల్లదంటే చెల్లదు!"

"పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ ఇంకొకరికి ఇస్తే?"

"వేరే లేని చెట్టుకి కొమ్మలెక్కడివక్కా? అదీ కుడితే!" బల్ల గుద్దాడు కాస్పర్. "ఇది నా ఒక్కడి మాట కాదు. ఏమంటారు?"

పెద్దలందరూ జిడ్డు చేతులెత్తి ఆమెన్ అన్నారు. ఉర్సుల చేతుల్లో మొహం దాచుకుంది.

అఫ్రా ముందుకొచ్చి బాతు పళ్ళెం కాస్పర్ చేతికింద నుంచి లాగేసింది.

"అయితే ముందు నువ్వు లే ఈ బల్ల దగ్గర్నించి, కాస్పర్! మా ఆయన్ని కాల్చేసిన నెల్లాళ్ళకి, ఆయన ముసుగంగీ తొడుక్కుని, ఆ పిండిమరలో నీ నెత్తిన కుడితి పోసింది నేనే."