ఎలుగుబంటి చావు

మా ఆయన విమర్శకుడు. ఇంటికి ఏ పుస్తకం వచ్చినా పెన్సిలు చెక్కుకుని కూర్చుంటారు, తప్పు దొరికేదాకా లేవరు.

ఆ రోజు ఆయనకి సాహిత్యం పాఠాలు చెప్పిన మాస్టారు భోజనానికి వచ్చారు. సోఫా మీద నా పుస్తకం కనబడగానే మా ఆయన అందుకున్నారు.

"చూశారా మాస్టారూ! నలభై ఐదేళ్లొచ్చాయి, ఈవిడ ఇంకా మాట్లాడే ఎలుగుబంట్ల కథలు చదువుతోంది."

మాస్టారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "పాలపళ్లు ఊడాయా అమ్మా?"

నాకు ఒళ్లు మండింది. కొన్నాళ్లుగా ఆ పుస్తకం నేను పెట్టినచోట ఉండటం లేదు. కూర వడ్డిస్తూ ఒక రాయి వేసి చూశాను.

"ఇక చదవన్లెండి. ఆ ఎలుగుబంటి మంచులో చచ్చిపోయింది. అక్కడితో మూసేశాను."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "చచ్చిపోవడమేంటి? అది నిద్రపోతోంది! మంచు కరిగాక లేచి, ఆ పిల్లని వెతుక్కుంటూ ఊరంతా..."

అప్పటికిగాని తనేం వాగుతున్నదీ ఆయనకి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారు తల దించుకుని కంచంలోకి చూస్తున్నారు.

వెళ్లేటప్పుడు, మా ఆయన కారు తీస్తుండగా, మాస్టారు గుమ్మం దగ్గర గొంతు తగ్గించారు.

"దాని రెండో భాగం నీ దగ్గరుందామ్మా? మా మనవరాలు ప్రాణం తీస్తోంది."

పాత పేపర్లో చుట్టి ఇచ్చాను. మాస్టారికి అసలు పిల్లలే లేరు.