మూతకు తాళం

చరణ్ జీపు మళ్ళీ దారిలోనే ఆగిపోయింది. ఈసారి అడవిలో, మూలమలుపు దగ్గర.

ఇంజను ఆగగానే స్టీరింగు బిగుసుకుపోయింది. బ్రేకు రాయిలా అయింది. వెనకే వస్తున్న ఇటుకల లారీ జీపు అద్దాన్ని గీరుకుంటూ పోయింది. జీపులో ఎక్కిన ఆడవాళ్ళు ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు.

ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతున్న అతని తల్లి భూదవ్వకు ఫోనులో ఆ కబురు తెలిసింది. ఆకూ కత్తెరా పక్కన పడేసి లేచింది.

కొడుకు కామారెడ్డికి జీపు తోలడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ తల్లి కళ్ళ ముందు రోజుకో ప్రమాదం జరుగుతూనే ఉంది. బండికి నిమ్మకాయలు కట్టింది. కొడుకు చేతికి నల్లదారం కట్టింది. సాయంత్రం నమాజు వదిలే వేళకు, చంటిపిల్లల తల్లులతో పాటు మసీదు మెట్ల దగ్గర నిలబడి, నమాజు చదివి వచ్చినవాళ్ళతో సీసా నీళ్ళలో దువా ఊదించుకుని వచ్చేది.

"తాగు బిడ్డా. గాలి సోకది."

"నేనేమన్న సంటిపోరణ్ణా అవ్వా?" అనేవాడు చరణ్. సీసా ముట్టేవాడు కాదు.

దొరికిన బస్సెక్కి ఆమె కామారెడ్డి చేరేసరికి జీపు మెకానిక్ తాజుద్దీన్ షెడ్డులో ఉంది. అతను ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ విప్పి, డీజిలును గాజుసీసాలోకి పట్టాడు. కాసేపు కదపకుండా ఉంచాడు. పైన పసుపు రంగు తేలింది. కింద తేటగా ఇంకేదో నిలిచింది.

"సూడు తమ్మీ. కిందున్నయి నీళ్లే."

"బంకుల కల్తీ గావచ్చు భాయ్."

"గా బంకుల పోయించుకున్న జీపులన్నీ తిరుగుతలేవా? నీదొక్కటే ఎందుకాగుతది? ఎవలో మూత తీసి పోస్తున్నరు."

భూదవ్వ ముందుకు వచ్చింది. "ఎవలో ఏంది? గా జీవన్‌గాడే!"

జీవన్‌ది అదే అడ్డాలో ఇంకో జీపు. వంతు కోసం కొట్లాడినప్పుడు, 'నీ బండి ఎన్నొద్దులు నడుస్తదో నేనూ సూస్త' అని అందరి ముందే అన్నాడు.

"వాని నోరు పడిపోను! వాని చేతులు ఇరిగిపోను!"

"జర ఊకో అవ్వా. మనం సూసినమా?" అన్నాడు చరణ్. కానీ అతనూ ట్యాంకు మూత వైపే చూస్తున్నాడు.

తాజుద్దీన్ ట్యాంకు దించి కడిగాడు. ఫిల్టరు మార్చాడు. చేతిపంపు కొట్టి డీజిలు పైపుల్లోని గాలంతా తీశాడు. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

"మల్లొక్కసారి నీళ్లు పడితే నేనేం చెయ్యలేను," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "బండి పోతే పోనీ తమ్మీ, గా మలుపుల ఆగితే మనుషులే పోతరు. రేపు కిరాయున్నదా?"

"పెండ్లోళ్లు. పిల్లజెల్లతోని జీపు నిండ ఎక్కుతరు."

తాజుద్దీన్ డీజిలు ట్యాంకు పాత మూత తీసి పారేశాడు. తాళం ఉన్న కొత్త మూత బిగించాడు.

చరణ్ ఆ తాళంచెవిని తల్లి చేతిలో పెట్టాడు. "పొద్దంత నా కాడ, పొద్దుమూకితే నీ కాడ. నీ కాడుంటే యముడు గూడ గుంజుకోలేడు."

భూదవ్వ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. తాజుద్దీన్ నమాజు ముగించుకుని బయటికి వచ్చేసరికి ఆమె మసీదు మెట్ల దగ్గర సీసా పట్టుకుని నిలబడి ఉంది. అతను కళ్ళు మూసుకుని చదివి, నీళ్ళలోకి ఊదాడు.

"ఫికర్ జేయకు అవ్వా. ఇగ బండి ఆగది."

"నేనైతే తాగ భాయ్, ముందే చెప్తున్న," నవ్వాడు చరణ్.

"నిన్నెవలు తాగుమన్నరురా? నేను అడుగుడు మానేసి ఎన్నొద్దులైంది?" అంది భూదవ్వ, సీసా మూత బిగిస్తూ.

మర్నాడు పెండ్లివాళ్ళు వచ్చేలోపు భూదవ్వ కొంగుముడి విప్పి, తాళం తీసి, ఇన్నాళ్ళూ తను రోజుకో గుక్కెడే పోయబట్టి ఆ జీవన్‌గాడి పాడు నీళ్ళదే పైచేయి అయిందనుకుంటూ, దువా ఊదిన సీసా మొత్తాన్నీ జీపు డీజిలు ట్యాంకులోకి వంచింది.