ఎత్తు మీద నొక్కితే

ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె అతని చొక్కాల్ని విడిగా పేర్చింది. గుమ్మం పక్కన అతని సంచీ నోరు తెరుచుకుని ఉంది.

'విడిపోదాం' అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇద్దరికీ పంతం. చేతిలో ఉన్న పని ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది. అది పూర్తయిన రోజు అతను బయట అద్దె గదికి మారిపోతాడు. అంతవరకూ ఒకే ఇల్లు, ఒకే బల్ల, చెరో కంప్యూటర్.

పని చిన్నదే. మొక్కల నర్సరీ వెబ్‌సైట్‌లో ఒక పట్టిక. ఆన్‌లైన్ ఎడిటర్‌లో ఆమె వివరాలు ఎక్కిస్తుంది, అతను దానికి కదలిక నేర్పుతాడు. పేరు మీద నొక్కితే పేర్ల వరుసలో రావాలి. ఎత్తు మీద నొక్కితే పొట్టివి ముందు, పొడుగువి వెనక.

సాయంత్రం అతను సరిచేస్తాడు. రాత్రి ఆమె కొత్త మొక్కల్ని ఎక్కిస్తుంది. పొద్దునకి మళ్ళీ తారుమారు.

ఫోన్ మోగింది. నర్సరీ పెద్దాయన.

"ఏం బాబూ, పదడుగుల చెట్టు మళ్ళీ రెండడుగుల మొక్క ముందుకొచ్చి నిలబడింది! నీళ్ళు చాలక కుంగిపోయిందా ఏంటి?"

"ఇవాళ చూస్తానండీ."

"రోజూ చూస్తూనే ఉన్నావు కదయ్యా!"

ఫోన్ పెట్టేసి, "ఈ పనికి మోక్షం ఎప్పుడో," అని గొణుక్కుంటూ అతను స్నానానికి వెళ్ళాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళడానికి అంత తొందరా? అయినా తప్పు తన టైపింగ్‌లోనే ఉండి ఉంటుంది. పాపం, తనవల్లే ఇరుక్కుపోయాడు.

మడతలు ఆపి కూర్చుంది. ఎత్తు వరుసలో ఒక్కొక్క గడీ చూస్తూ దిగింది. అన్నిట్లో అంకెలే. అట్టడుగున ఒక గడిలో మాత్రం అంకె పక్కన 'అడుగులు' అని ఉంది. ఆ ఒక్క మాటకి ఎడిటర్ అంకెలన్నిటినీ అక్షరాలనుకుంటోంది; 10లో మొదటి 1ని చూసి 2 కన్నా ముందు నిలబెడుతోంది.

చెరిపేసింది. నొక్కింది. బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా మొక్కలన్నీ ఎత్తు ప్రకారం సర్దుకున్నాయి.

కళ్ళు తుడుచుకుని, చొక్కాలు సంచీలో పెట్టింది.

అతను తల తుడుచుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది," అంది అటు తిరిగే. "నేనే సరిచేశాను. ఇక మీకు అడ్డేమీ లేదు."

అతను వంగి ఎత్తు మీద నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఒక్క మొక్కా వరుస తప్పలేదు.

"సంచీ కూడా సర్దేశావా?"

"ఊఁ."

ఉండమని తను అనాలా, ఉంటానని అతను అనాలా? ఆమె ఖాళీ దండెం వైపు చూస్తూ నిలబడింది.

రోజూ ఆమె లేవకముందే ఆ గడిలో 'అడుగులు' అని రాసిపెడుతున్నది తనేనని చెప్పకుండానే, అతను సంచీ భుజాన వేసుకుని గుమ్మం దిగాడు.