రెండో కాగితం

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు వర్తక సంఘం కార్యదర్శి మొయినుద్దీన్, కొత్తగా వచ్చిన మున్సిపల్ కమిషనర్‌కు శాలువా కప్పి అర్జీ చేతికిచ్చాడు. ఎనిమిదేళ్లలో ఆయన శాలువా కప్పిన ఆరో కమిషనర్ ఆమె. అర్జీ మాత్రం మారలేదు.

"వానొస్తే మురుగంతా అంగళ్లలోకే మేడం. పత్తి బేళ్లు తడిసిపోతాండాయి. కాలువ బాగు చేయమని తిరిగి తిరిగి కాళ్లరిగినాయి. ఒక్కరూ పట్టించుకోల్యా."

ఆమె అర్జీ చివరిదాకా చదివింది. అక్కడికక్కడే ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"రేపు పొద్దున్నే జేసీబీ వస్తుంది. కాలువ మీద మీవాళ్లు కట్టుకున్న మెట్లు, పరిచిన బండలు తీసేస్తే పూడిక తీయడం ఒక్క రోజు పని."

మొయినుద్దీన్ సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పత్తి సీజన్ అయ్యేదాకా మెట్ల జోలికి రావద్దని అందులో ఉంది. కింద అర్జీలో ఉన్న సంతకాలే, అదే వరుసలో.

"ఇది కూడా మీదేనా?"

"రెండూ మావే మేడం. మీ ముందోళ్లకూ రెండూ ఇచ్చినాము."

ఆమె పెన్నే అడిగి తీసుకుని, ఆ రెండో కాగితంలో ఖాళీగా ఉంచిన చోట తేదీ వేశాడు.

బయట టీ అంగడి దగ్గర వర్తకులు కాచుకుని ఉన్నారు.

"ఏమయిందన్నా?"

"ఈయమ్మా అంతేప్పా. ఏం చేయదు."

అందరూ మున్సిపాలిటీని తిట్టుకుంటూ నిమ్మళంగా టీ తాగారు.